దిగులు మందును ఎవరినడిగి ఆపుతున్నాం?

ఇబ్రహీంపట్నం పేరు 2022 ఆగస్టులో దేశమంతటా వినిపించింది. ఆ నెల 25వ తేదీన అక్కడి ప్రభుత్వాస్పత్రిలో జరిగిన కుటుంబ నియంత్రణ శిబిరంలో 34 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశారు. వారం తిరగకముందే వారిలో నలుగురు కన్నుమూశారు. మిగిలిన వారందరినీ హుటాహుటిన పరీక్షించి, పలువురిని హైదరాబాద్ ఆస్పత్రులకు తరలించవలసి వచ్చింది. విచారణ జరిగింది, చర్యలు ప్రకటించారు, కుటుంబాలకు పరిహారం ప్రకటించారు.

ఆ స్త్రీలు ఆపరేషన్ బల్ల మీద చనిపోలేదు. ఇళ్లకు వెళ్లిన తర్వాత వారి పరిస్థితి విషమించింది. వైద్యం ఆస్పత్రి గుమ్మం దగ్గర ముగిసిపోదనీ, ఇంటికి వచ్చిన తర్వాతి రోజులు కూడా వైద్యంలో భాగమేననీ ఇంత కఠోరంగా చెప్పిన సంఘటన ఈ ప్రాంతంలో మరొకటి లేదు. ఆపరేషన్ అంటే భయం కనుక మనం నాలుగు ప్రశ్నలు అడుగుతాం. చేసేది ఎవరు, జ్వరం వస్తే ఎవరికి చెప్పాలి, కుట్లు ఎప్పుడు విప్పుతారు, మళ్లీ ఎప్పుడు రావాలి అని ఆరా తీస్తాం. అదే పది మాత్రల స్ట్రిప్పు ఒకటి చేతిలో పెడితే ఒక్క ప్రశ్న కూడా అడగం. జేబులో వేసుకుని ఇంటికి వస్తాం. ఆ మాత్రలు మనసుకు సంబంధించినవైతే పక్కింటివారికి కనబడకుండా బియ్యం డబ్బా వెనుక దాచిపెడతాం.

మానసిక కుంగుబాటుకు, అంటే డిప్రెషన్‌కు వాడే మందుల గురించే ఈ ప్రస్తావన. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. లక్ష జనాభాకు దేశ సగటు 12.4 కాగా, తెలంగాణలో అది 26 పైచిలుకు. అంటే రెట్టింపు. ఇవన్నీ డిప్రెషన్ వల్లనే అనడానికి వీల్లేదు. అప్పులున్నాయి, పంట నష్టాలున్నాయి, ఇంటి గొడవలున్నాయి. అయితే బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో తేలిన ఒక విషయం గమనార్హం. డిప్రెషన్ ఉన్న ప్రతి వందమందిలో దాదాపు 85 మందికి ఏ వైద్యమూ అందడం లేదు. మిగిలిన పదిహేను మంది అదృష్టవంతులే. కానీ ఆ పదిహేను మంది చేతికి వచ్చిన మందును ఎలా వాడుతున్నారు? ఎప్పుడు ఆపుతున్నారు? ఎవరినడిగి ఆపుతున్నారు?

ఒక ఇల్లాలి సంగతి తీసుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు. కొద్ది తేడాలతో చాలా ఇళ్లలో జరిగేదే. మూడో కాన్పు అయి మూడు నెలలైంది. నిద్ర పట్టదు, తిండి సహించదు, పసిబిడ్డ ఏడుస్తుంటే చూస్తూ కూర్చుంటుంది. అత్తగారు దిష్టి తగిలిందంటారు. తావీజు కడతారు, దమ్ చేయించిన నీళ్లు తాగిస్తారు. నెల గడిచాక ఎవరో చెప్పగా పట్నంలో డాక్టరు దగ్గరికి తీసుకువెళతారు. ఆయన ఎసిటాలోప్రామ్ మాత్ర రోజుకొకటి రాసి, నిద్ర కోసం క్లోనజిపామ్ రెండు వారాలపాటు సగం మాత్ర వేసుకోమని, రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మంటాడు. మొదటి వారం వికారం, తలనొప్పి. మూడో వారానికి కాస్త నిద్ర. రెండో నెలలో ఆమె నవ్వింది. మూడో నెలలో వంటింట్లోకి వచ్చింది, బిడ్డను ఎత్తుకుంది, నమాజుకు నిలబడింది.

అప్పుడు భర్త అంటాడు: “బాగైపోయింది కదా, ఇంకా ఎందుకు ఈ గోలీలు? అలవాటైపోతే ఎట్లా?” ఆ రోజునుంచే మాత్ర బంద్.

నాలుగో రోజున ఆమెకు తల తిరిగింది. తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమంది. పీడకలలు. ఒళ్లంతా చెమటలు. కారణం లేకుండా చిరాకు, ఏడుపు. ఇంట్లో వారంతా ఒక నిర్ణయానికి వచ్చేశారు: ఆసేబ్ మళ్లీ వచ్చింది! నిజానికి వచ్చింది ఆసేబ్ కాదు. నెలల తరబడి వేసుకున్న మందును ఒక్కసారిగా ఆపేస్తే మెదడు చేసే గొడవ అది. వైద్యులకు ఇది బాగా తెలిసిన విషయం. డాక్టరు సలహాపై మోతాదును మెట్లు మెట్లుగా తగ్గిస్తూ వస్తే చాలామందికి ఆ బాధ ఉండదు, ఉన్నా ఓర్చుకోదగినంతే ఉంటుంది. కొన్ని మందుల్లో ఇది ఎక్కువ. పారాక్సిటిన్, వెన్లాఫాక్సిన్ ఆ కోవలోవి. ఫ్లూయాక్సిటిన్ శరీరంలో వారాల తరబడి నిలిచి ఉంటుంది కనుక దానితో తక్కువ. ఇంత చిన్న సంగతి డాక్టరు చెప్పకపోవడం వల్లనో, చెప్పినా మనం వినకపోవడం వల్లనో ఎందరు స్త్రీలకు లేని దయ్యాన్ని అంటగట్టామో ఆలోచిస్తే బాధ కలుగుతుంది.

కథ అక్కడితో ఆగలేదు. రెండు నెలల తర్వాత అసలు జబ్బు తిరగబెట్టింది. ఈసారి పట్నం వెళ్లలేదు. పాత స్ట్రిప్పు అట్టముక్క పట్టుకుని భర్త మెడికల్ షాపుకు వెళ్లాడు. షాపువాడు రెండు రకాల మాత్రలూ ఇచ్చేశాడు. డాక్టరు రెండు వారాలకని రాసిన నిద్రమాత్ర ఈసారి ఏడాదిపాటు సాగింది.

ఈ మందులతో వచ్చే కీడు చాలావరకు మింగడంలో లేదు. సొంత నిర్ణయంతో మానేయడంలో, పాత చీటీతో మళ్లీ మొదలుపెట్టడంలో ఉంది. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

మొదట మందు పనిచేసే తీరు తెలుసుకోవాలి. ఇది తలనొప్పి మాత్ర కాదు, వేసుకున్న అరగంటకు పనిచేయడానికి. గుణం కనబడడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు వారాల వరకు పడుతుంది. వికారం, కడుపులో తిప్పడం, తలనొప్పి, గాభరా వంటి ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. అంటే కష్టం ముందు, సుఖం వెనుక. ఈ వరస తెలియని మనిషి పదో రోజుకే “ఈ మందు పడలేదు” అని తీర్పు చెప్పేస్తాడు. ఎక్కువమందిలో ఈ ఇబ్బందులు ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటాయి. దాంపత్య విషయంలో వచ్చే ఇబ్బంది మాత్రం కొందరిలో కొనసాగుతుంది. సిగ్గుపడి దాన్ని చెప్పకుండా మందు మానేసేవారు పురుషుల్లో తక్కువేమీ కాదు. చెబితే డాక్టరు మోతాదు మార్చగలడు, మందే మార్చగలడు.

బాగైన తర్వాత ఎన్నాళ్లు వాడాలన్నది రెండో ప్రశ్న. లక్షణాలు తగ్గిపోయాక కూడా తొమ్మిది నుంచి పన్నెండు నెలలు కొనసాగించాకే ఆపే ఆలోచన చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. జబ్బు రెండు మూడుసార్లు తిరగబెట్టినవారు అంతకంటే ఎక్కువ కాలం వాడవలసి రావచ్చు. విరిగిన ఎముక అతుక్కున్న రోజే కట్టు విప్పి మూట మోయరు కదా!

ఇక “అలవాటు” సంగతి. ఇక్కడ మన జనం రెండు వేర్వేరు మందుల్ని ఒకే గాటన కట్టేస్తున్నారు. ఎసిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూయాక్సిటిన్ వంటివి దిగులు తగ్గించే మందులు. అవి మత్తు ఇవ్వవు, రోజురోజుకూ ఎక్కువ కావాలనిపించవు. ఆల్ప్రజోలామ్, డయాజిపామ్, క్లోనజిపామ్ వంటివి వేరే జాతి. అవి వేసుకున్న గంటలోనే నెమ్మదినిస్తాయి, నిద్ర తెస్తాయి. కొద్ది వారాలకు మించితే శరీరం వాటికి బానిస కాగలదు. దీనికి తెలంగాణలో పెద్ద ఉదాహరణే ఉంది. కల్లులో ఆల్ప్రజోలామ్ కలిపి అమ్మే దందాపై 2015లో దాడులు జరిగి ఆ కల్లు దొరకకుండా పోయినప్పుడు, నిజామాబాద్ తదితర జిల్లాల్లో తాగుడుకు అలవాటుపడినవారు వణుకుతూ, మతి తప్పినట్టు ప్రవర్తిస్తూ ఆస్పత్రులకు చేరారు. కల్లు ముట్టని మన ఇళ్లలో అదే పదార్థం మెడికల్ షాపు నుంచి తెల్లటి చిన్న మాత్రగా వస్తుంటే మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు! విచిత్రమేమిటంటే, ఆపవలసిన నిద్రమాత్రను అట్టే పెట్టుకుని, కొనసాగించవలసిన దిగులు మాత్రను ఆపేసేవారే ఎక్కువ. ఎందుకంటే మొదటిది వెంటనే సుఖమిస్తుంది, రెండోది ఇచ్చే మేలు కంటికి కనబడదు. ఏళ్ల తరబడి నిద్రమాత్ర వాడుతున్నవారు కూడా దాన్ని ఒక్కసారిగా ఆపరాదు. మూర్ఛలు వచ్చే ప్రమాదముంది. డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించుకోవాలి. రెండు మందులనూ ఒకే మాత్రలో కలిపి అమ్ముతున్నారు కూడా. మీ ఇంట్లో ఉన్నది ఒంటి మందో, జంట మందో స్ట్రిప్పు వెనుక చూసి, తెలియకపోతే అడిగి తెలుసుకోండి.

రమజాన్ నెల దగ్గరపడే కొద్దీ మందులు ఆపేసే కారణాల్లో మరొకటి చేరుతుంది. పగలు మాత్ర మింగితే రోజా భంగమవుతుంది కనుక నెలరోజులూ మందు పక్కన పెట్టేసేవారున్నారు. పెద్దలు, ముఖ్యంగా తల్లులు, ఈ విషయంలో మాట వినరు. నెలపాటు మందు లేకపోవడం, దానికితోడు సహరీకి తెల్లవారుజామున లేవడం, తరావీహ్‌తో రాత్రి పొద్దుపోవడం, నిద్ర వేళలు తారుమారు కావడం... ఇవన్నీ కలిసి, పండుగ నాటికి మనిషి మళ్లీ మంచం పట్టవచ్చు.

చాలామంది విషయంలో దీనికి పరిష్కారం అతి సులభం. దిగులు మందుల్లో ఎక్కువభాగం రోజుకొక్కసారి వేసుకునేవే. ఉదయం వేసుకునే మాత్రను సహరీ వేళకో, ఇఫ్తార్ తర్వాతికో మార్చుకుంటే సరిపోతుంది. రోజాకూ లోటు లేదు, మందుకూ లోటు లేదు. ఏ వేళకు మార్చాలో డాక్టరును ముందే అడగాలి. నిద్ర తెచ్చే మందును సహరీలో వేసుకుంటే పగలంతా తూగుతూ ఉండవలసి వస్తుంది. నిద్ర చెడగొట్టే మందును ఇఫ్తార్ తర్వాత వేసుకుంటే రాత్రి జాగారమే. రోజుకు రెండు మూడుసార్లు వేసుకునేవారికి మాత్రం మోతాదును సర్దవలసి ఉంటుంది, లేదా మందునే మార్చవలసి ఉంటుంది. అది ఇంట్లో కూర్చుని చేసే పని కాదు. అమిట్రిప్టిలిన్ వంటి పాతతరం మందులు నోరు ఎండగడతాయి, మలబద్ధకం తెస్తాయి, లేచి నిలబడగానే తల తిరిగేలా చేస్తాయి. ఎండాకాలపు రోజాలో ఇవి రెట్టింపవుతాయి. అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది లిథియం వాడేవారు. ఒకసారి విపరీతమైన హుషారు, మరోసారి తీవ్రమైన దిగులు వచ్చే జబ్బుకు దాన్ని ఇస్తారు. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోయి విషమవుతుంది. అటువంటివారు రోజాలకు నెలరోజుల ముందే డాక్టరును కలిసి, రక్తపరీక్ష చేయించుకుని, ఆయన అనుమతిస్తేనే ఉపవాసం పాటించాలి.

అనుమతించకపోతే? దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో ఉపవాసాల ఆదేశం వచ్చిన చోటే, వ్యాధిగ్రస్తునికీ ప్రయాణికునికీ సడలింపు కూడా వచ్చింది. తప్పిన రోజాలను తర్వాతి రోజుల్లో పూర్తి చేసుకోవచ్చు. కోలుకునే ఆశ లేని దీర్ఘరోగి ఫిద్‌యా చెల్లించవచ్చునని ధర్మవేత్తలు చెబుతారు. ఆ వ్యాధి ఒంటిదే అయి ఉండాలి, మనసుదైతే చెల్లదు అన్న షరతు అక్కడ లేదు. ఎవరికి ఏది వర్తిస్తుందో డాక్టరు ఇచ్చిన సలహాను వెంటబెట్టుకుని వెళ్లి మీ ముఫ్తీ సాహెబును అడగండి. షుగర్ జబ్బు గురించి అడగడానికి ఎవరూ సంకోచించరు. దీనికి మాత్రం ఎందుకు సంకోచించాలి?

ఇలాంటిదే మరో సందేహం గొట్టం మాత్రలది. ఫ్లూయాక్సిటిన్ ఎక్కువగా క్యాప్సూల్ రూపంలో వస్తుంది. క్యాప్సూల్ తొడుగును సాధారణంగా జిలాటిన్‌తో చేస్తారు. జిలాటిన్ పశువుల ఎముకల నుంచి, చర్మాల నుంచి తీసేది. ఆ పశువేదో మనకు తెలియదు. ఈ అనుమానంతో తొడుగు విప్పి పొడి మింగేవారూ ఉన్నారు, చెప్పకుండా మానేసేవారూ ఉన్నారు. రెండూ వద్దు. సందేహముంటే డాక్టరుకు ఆ మాటే చెప్పండి. సెర్ట్రాలిన్, ఎసిటాలోప్రామ్ వంటివి బిళ్లల రూపంలోనే దొరుకుతాయి. మార్చుకునే వరకు ఉన్న మందును ఆపకండి.

రమజాన్‌కంటే కూడా ఎక్కువ అపాయం తెచ్చేది రిష్తా. ఆడపిల్లకు సంబంధం కుదిరిందనగానే మొదట మాయమయ్యేది ఆ మాత్రల డబ్బా. మగపెళ్లివారికి తెలియకూడదు. నికాహ్‌కు రెండు నెలల ముందు మందు ఆగిపోతుంది, నికాహ్ తర్వాత రెండు నెలలకు కొత్తింట్లో జబ్బు బయటపడుతుంది. అప్పుడు “దాచిపెట్టి అంటగట్టారు” అన్న మాట పడేదీ ఆ పిల్లే, పుట్టింటికి తిరిగి వచ్చేదీ ఆ పిల్లే. మందు వేసుకుంటూ ఆరోగ్యంగా కాపురం చేసుకోగలిగిన అమ్మాయిని మందు మాన్పించి రోగిని చేసి అత్తారింటికి పంపుతున్నామన్నమాట. పెళ్లివారికి చెప్పాలా వద్దా అన్నది కుటుంబాలు తేల్చుకోవలసిన విషయం. చెబితేనే మంచిదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. కానీ చెప్పినా చెప్పకపోయినా మందు మాత్రం ఆగరాదు. గర్భం వచ్చిందని తెలియగానే భయపడి మానేయడమూ పొరపాటే. చాలా దిగులు మందులను గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వైద్యులు లాభనష్టాలు తూచి కొనసాగిస్తారు. సెర్ట్రాలిన్ తల్లిపాలలోకి అతి తక్కువగా వెళ్తుంది. కానీ మానసిక రోగులకు కూడా ఇచ్చే మూర్ఛమందు వాల్‌ప్రొయేట్ కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది. అందుకే పెళ్లీడు ఆడపిల్లలు ఏ మందు వాడుతున్నారో ముందుగానే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గరికి నడుం నొప్పికో, దగ్గుకో వెళ్లినప్పుడు మనసు మందు సంగతి ఎవరూ చెప్పరు. ఆ మౌనంలో అపాయముంది. నొప్పులకిచ్చే ట్రమడాల్, కొన్ని దగ్గుమందుల్లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్, మొండి క్షయకు ఇచ్చే లినెజోలిడ్ దిగులు మందులతో కలిస్తే వణుకు, జ్వరం, చెమటలు, గుండెదడ, మతిచలనం వచ్చి ప్రాణం మీదికి తేగలవు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కలిస్తే కడుపులో రక్తస్రావమయ్యే అవకాశం పెరుగుతుంది. బీపీకి నీళ్ల మాత్రలు వాడే వృద్ధులకు దిగులు మందు కూడా తోడైతే రక్తంలో ఉప్పు పడిపోయి అకస్మాత్తుగా మాట తడబడవచ్చు, మనుషుల్ని గుర్తుపట్టకపోవచ్చు. దాన్ని ముసలితనపు మతిమరుపుగా కొట్టిపారేయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. మొత్తానికి ఏ వైద్యుని దగ్గరికి వెళ్లినా, హకీం సాహెబ్ దగ్గరికి వెళ్లినా, ఇప్పటికే వాడుతున్న మందుల చీటీ జేబులో ఉండాలి.

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవలేదు. పరీక్షల ఒత్తిడి తెలియని ఇల్లు ఇక్కడ ఉండదు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వెలువడిన తర్వాత తెలంగాణలో ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్న సంగతి ఎవరూ మరచిపోలేరు. కనుక యువతకు ఈ మందులిచ్చే విషయంలో ఒక హెచ్చరికను ప్రత్యేకంగా చెప్పాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో పిల్లల విషయంలోనూ, 2007లో ఇరవై నాలుగేళ్ల వరకు యువకుల విషయంలోనూ ఈ మందుల పెట్టెలపై నల్లగీతల హెచ్చరిక వేయించింది. పిల్లలపై జరిగిన పరీక్షల్లో ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వందమందిలో ఇద్దరికి ఆత్మహత్య ఆలోచనలో, ప్రయత్నాలో కనబడితే, అసలు మందు వేసుకున్నవారిలో నలుగురికి కనబడ్డాయి. ఆ పరీక్షల్లో ఎవరూ చనిపోలేదు. ఈ హెచ్చరికను చూపి మందే వద్దనడం తొందరపాటు. వైద్యం లేని డిప్రెషన్ అంతకంటే ప్రమాదకారి. దాని అర్థం వేరు: మొదటి కొద్ది వారాలు, మోతాదు మార్చిన ప్రతిసారీ, ఆ పిల్లవాణ్ణి ఒంటరిగా హాస్టల్లో వదలకూడదు. నిద్ర లేకుండా అటూ ఇటూ తిరుగుతున్నా, ఎన్నడూ లేని కోపం, అస్థిమితం, అతి హుషారు కనబడినా మరుసటి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా అదే రోజు డాక్టరుకు తెలపాలి. మాత్రల స్ట్రిప్పులు ఇంట్లో పెద్దవారి దగ్గర తాళంలో ఉండాలి. నెలలకు సరిపడా ఒకేసారి కొని తెచ్చి పెట్టుకోవద్దు. ముఖ్యంగా పాతతరం మందులు మోతాదు మించితే గుండెకు ప్రమాదం.

దర్గాల మాట ఎత్తకుండా ఈ చర్చ పూర్తి కాదు. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న తెల్లవారుజామున ఒక మానసిక రోగుల ఆశ్రమం తగలబడింది. దర్గా పేరు చెప్పుకుని చుట్టూ వెలసిన ఆశ్రమాల్లో అదొకటి. రోగులను గొలుసులతో కట్టేసి ఉంచారు, పారిపోలేకపోయారు. 28 మంది మరణించారు. సుప్రీంకోర్టు తనంతట తానుగా ఆ కేసును చేపట్టింది. మనిషిని గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పూర్తిగా నిషేధించింది. మరోవైపు గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా దగ్గర 2008 నుంచి వేరే దారి తొక్కారు. దర్గాకు వచ్చినవారిని ముజావర్లే పక్కన కూర్చున్న మానసిక వైద్యుని దగ్గరికి పంపుతారు. దవా, దువా రెండూ. దువా చేయించుకోవద్దని ఏ డాక్టరూ అనడు. మందు మానేస్తేనే దువా ఫలిస్తుందని చెప్పే ఆమిల్ ఎవరైనా ఉంటే ఆ గడప తొక్కవద్దు.

అసలు ఈ విద్య మనకు పరాయిది కాదు. సుమారు పదకొండు వందల ఏళ్ల కిందట, బల్ఖ్ ప్రాంతానికి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీర ఆరోగ్యాన్నీ మనసు ఆరోగ్యాన్నీ పక్కపక్కనే పెట్టి ఒక గ్రంథం రచించాడు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం కనబడని దిగులు వేరు అని విడదీసి, రెండోదానికి మూలం ఒంట్లోనే ఉందని, దానికి శరీర వైద్యం చేయాలని రాశాడు. జబ్బు చేస్తే వైద్యం చేయించుకోమన్న దైవప్రవక్త (స) ఉపదేశాన్ని ఆనాటివారు మనసుకు కూడా వర్తింపజేశారు. ఈమాన్ బలహీనమైతేనే డిప్రెషన్ వస్తుందని చెప్పేవారు ఆ పుస్తకం గురించి ఒకసారి విచారించడం మంచిది.

గల్ఫ్‌కు వెళ్లేవారికీ, ఉమ్రాకు వెళ్లేవారికీ ఒక మాట. క్లోనజిపామ్, ఆల్ప్రజోలామ్, ట్రమడాల్ వంటివి ఎమిరేట్స్‌లోనూ సౌదీలోనూ కఠిన నియంత్రణలో ఉన్నాయి. పైన చెప్పిన జంట మాత్ర సంచిలో ఉండి, చీటీ లేకపోతే విమానాశ్రయంలోనే చిక్కుల్లో పడతారు. డాక్టరు సంతకంతో తాజా చీటీ, అవసరమైన చోట ముందస్తు అనుమతి తీసుకుని, మందును దాని స్ట్రిప్పులోనే ఉంచి తీసుకువెళ్లాలి.

ప్రభుత్వం చేయవలసింది చేస్తున్నదా? మానసిక వైద్యాన్ని జిల్లాలకు తీసుకుపోయే పథకం 1996లోనే మొదలైంది. 2018 మే నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రభుత్వాస్పత్రుల్లో మానసిక వైద్యాన్ని హక్కుగా ప్రకటించింది, అత్యవసర మందులు ఉచితంగా ఇవ్వాలన్నది. ఆత్మహత్యకు యత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా చూడాలి తప్ప శిక్షించరాదని కూడా అదే చట్టం చెప్పింది. పోలీసు కేసు భయంతో అటువంటి రోగిని దాచిపెట్టే కుటుంబాలకు ఈ సంగతి తెలియాలి. కానీ హక్కు కాగితం మీద ఉంటే చాలదు. మందుల దుకాణం మాట చూడండి. ఈ మందులన్నీ చీటీ లేనిదే అమ్మరానివి. స్ట్రిప్పు మీద ఎర్రగీత, హెచ్చరిక ముద్రించి ఉంటాయి. అయినా పాత అట్టముక్క చూపితే చాలు, దొరికిపోతాయి. రోగి మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఉన్న ఏకైక కారణాన్ని దుకాణాలు ఇలా తీసేస్తున్నాయి. తనిఖీ అధికారులు మత్తుమందులపై చూపే శ్రద్ధలో నాలుగో వంతు ఇక్కడ చూపినా మేలే. అయితే దగ్గరలో మానసిక వైద్యుడు లేకుండా చీటీ నిబంధన ఒక్కటే బిగిస్తే పేదవాడికి మందే అందకుండా పోతుంది. ముందు మండల స్థాయి ఆస్పత్రిలో వారానికొక రోజైనా మానసిక వైద్యుడు కూర్చోవాలి. ఇబ్రహీంపట్నం ప్రజాప్రతినిధులను అడగవలసింది ఇదే.

అంతవరకు ఉన్న దారులు చూద్దాం. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలిమానస్ ఉచిత నంబరు 14416. రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. చచ్చిపోవాలన్న మాట ఇంట్లో ఎవరి నోటినుంచి వచ్చినా ఆ క్షణమే ఈ నంబరుకు చేయండి, మనిషిని ఒంటరిగా వదలకుండా దగ్గరలోని ఆస్పత్రికి తీసుకుపోండి. ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం పేరు వింటేనే మనవారు ఉలిక్కిపడతారు. 2025 జూన్‌లో అక్కడ కలుషిత ఆహారం తిని రోగులు అస్వస్థులైన వార్త ఆ భయాన్ని ఇంకా పెంచింది. కానీ ఓపీకి వెళ్లి చూపించుకుని మందులు తెచ్చుకునేవారు అక్కడ చేరిపోనవసరం లేదు, సాయంత్రానికి ఇంటికి వచ్చేయవచ్చు. ఇబ్రహీంపట్నం నుంచి సాగర్ రోడ్డు మీదుగా బస్సులో ఎల్.బి.నగర్ చేరితే, అక్కడ ఎక్కిన మియాపూర్ మెట్రో నేరుగా ఎర్రగడ్డ స్టేషన్‌లో దింపుతుంది. వెళ్లేటప్పుడు పాత చీటీలు, ఇప్పుడు వాడుతున్న స్ట్రిప్పులు, థైరాయిడ్ వంటి పరీక్షల కాగితాలు ఒకే సంచిలో పెట్టుకోండి. ఏ రోజు ఏ మాత్ర మరచిపోయారో కూడా రాసుకుని తీసుకువెళ్లండి. మరచిపోయినదానికి బదులుగా మరునాడు రెండు వేసుకోకుండా, ఉన్నదున్నట్టు డాక్టరుకు చెబితే చాలు.